మా చేతుల మీదుగా ఎవరికీ అంటకూడదు

మచ్చ బొల్లారంలో మా వీధి నుంచి ఈమధ్య ఇద్దరు అమ్మాయిలు పోలీసు ఉద్యోగానికి ఎంపికయ్యారు. ట్రైనింగ్‌కి వెళ్లే ముందు మా ఇంటికి వచ్చి, "ఎస్తేరాంటీ, పెద్ద పెద్ద కేసులు చూసి ఉంటారు గదా, చెప్పండి" అన్నారు. దొంగల గురించీ హత్యల గురించీ అడుగుతున్నారని తెలుసు. చెప్పడానికి నా దగ్గర అవి లేకపోలేదు. మేడ్చల్, శామీర్‌పేట, దుండిగల్ చుట్టుపక్కల స్టేషన్లలో కానిస్టేబుల్‌గా మొదలుపెట్టి ఏఎస్సైగా రిటైరయ్యాను. కానీ ఈ ఉద్యోగం అంటే అసలేమిటో నాకు తెలిసింది దొంగలు కూడా ఇల్లు కదలని కాలంలో, కరోనా కాలంలో.

అప్పట్లో రోడ్డు మీద మమ్మల్ని చూసి జనం జాలిపడేవారు. "పాపం, వీళ్లకి అంటుకుంటుందేమో" అనేవారు. ఆ భయం మాకూ ఉంది. కానీ మా నుంచి వాళ్లకి అంటుకుంటే ఏమిటన్నది మొదట్లో ఎవరికీ తట్టలేదు, మాకు కూడా. ఊరంతా తలుపులు వేసుకుని కూర్చున్నప్పుడు గడప గడపకీ తిరిగింది మేమే. లారీ డ్రైవర్ చేతి కాగితం ముట్టుకున్నదీ, అదే చేత్తో ముసలాయనకి మందుల పొట్లం అందించిందీ మేమే. ఒక ఊళ్లో రోగాన్ని ఇంటింటికీ చేరవేయాలంటే పోలీసువాడి కంటే అనువైన మనిషి దొరకడు. ఆ పని మేం చేయకుండా మమ్మల్ని ఆపినవాళ్లు కొందరున్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

నల్లద్దాల బందోబస్తు

ముందు ఒక పాత సంగతి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక జాతర బందోబస్తుకి మమ్మల్ని వేరే జిల్లాకి పంపారు. బడి గదుల్లో బస. మాలో ఒకామెకి కండ్లకలక వచ్చింది. కళ్లు ఎర్రగా అయి, నీళ్లు కారుతూ ఉంటే సెలవు అడిగింది. అక్కడి అధికారి ఆమె ముఖం కూడా చూడలేదు. "కండ్లకలకనా, డ్యూటీ ఎగ్గొట్టుడా? పో, నిలబడు" అన్నాడు.

ఆమె నిలబడింది. మా అందరి మధ్యా పడుకుంది, మా తువ్వాళ్ల పక్కనే తువ్వాలు ఆరేసుకుంది. జాతర ముగిసేసరికి మేమంతా నల్లద్దాలు పెట్టుకుని వరసగా నిలబడ్డాం. భక్తులు మమ్మల్ని చూసి, ఎవరో ముఖ్యమంత్రి స్థాయి మనిషి వస్తున్నాడని, వీళ్లు ఆయన కమాండోలని చెప్పుకున్నారు. చివరి రోజు ఆ అధికారి కూడా నల్లద్దాలతోనే జీపు దిగాడు. మేం నవ్వలేక, నవ్వు ఆపుకోలేక చచ్చాం.

నవ్వులాటకి బాగుంది. కానీ మాకు వచ్చింది కండ్లకలక కాబట్టే నవ్వగలిగాం. జబ్బు చేసిందని చెప్పినవాడిని దొంగలా చూసే అధికారి దగ్గర మనుషులు చేసేది ఒక్కటే, దాచిపెట్టడం. ఈ సంగతి తెలిసిన అధికారి నాకు ఉద్యోగం చివర్లో దొరికాడు. అది నా అదృష్టం.

చెక్‌పోస్టులో మొదటి రోజులు

లాక్‌డౌన్ పెట్టినప్పుడు మాకు నాగపూర్ వైపు వెళ్లే హైవే మీద చెక్‌పోస్టు డ్యూటీ పడింది. మొదటి రోజుల్లో మేం చేసినవి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. గుంపుగా నిలబడొద్దని జనాన్ని అదిలించి, అదే జనాన్ని ఒక డీసీఎం వ్యానులో కుక్కి స్టేషన్‌కి తెచ్చేవాళ్లం. రోల్‌కాల్ అంటే అందరం ఒక్క గదిలో భుజం భుజం తగిలేలా నిలబడేవాళ్లం. వైర్‌లెస్ సెట్ ఒకరి నోటి దగ్గర నుంచి ఇంకొకరి నోటి దగ్గరికి పోయేది. ఒక్క పెన్ను అందరి చేతులూ తిరిగేది. ఎవరో పుణ్యాత్ములు ఫ్లాస్కుతో చాయ్ తెస్తే, ఉన్న గ్లాసులనే ఒట్టి నీళ్లలో ముంచి తీసి అందరం తాగేవాళ్లం.

లాఠీ సంగతి కూడా చెప్పాలి. బయటికి వచ్చినవాళ్లని కొట్టిన వీడియోలు అప్పట్లో ఫోన్లలో చాలా తిరిగాయి. కొట్టడం తప్పా ఒప్పా అని వాదించుకున్నారు. తప్పే. ఆ తప్పుకి తోడు అది తెలివితక్కువ పని కూడా. దూరంగా ఉండమని చెప్పాల్సినవాడు లాఠీ ఎత్తాడంటే, ఆ మనిషి మీద పడేంత దగ్గరికి పోయాడన్నమాట. దెబ్బ తిన్నవాడు అరుస్తాడు, వీడు అరుస్తాడు. ఇద్దరి ఊపిరీ ఒకరి ముఖం మీద ఒకరికి. అంతకంటే రోగానికి కావలసిందేముంది?

వేలు నాలుకకి అద్దుకున్నందుకు

మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో ఒక కొత్త కాలనీ ఉంది. ఎక్కువగా కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఉద్యోగస్తులు. ఒక ఉదయం ఆ కాలనీ గేటు దగ్గర మా హెడ్ కానిస్టేబుల్ యాదగిరి పాలవాడిని ఆపి పాసు అడిగాడు. నేను పక్కనే ఉన్నాను. యాదగిరి బొటనవేలు నాలుకకి అద్దుకుని, మడత విప్పి, చదివి, తిరిగి పాలవాడి చేతికి ఇవ్వబోయాడు.

గేటు లోపలి నుంచి ఒకావిడ గట్టిగా, "ఆగండాగండి!" అంది.

అరవై దాటి ఉంటాయి. నూలు చీర, ఇంట్లో కుట్టుకున్న గుడ్డ మాస్కు. "ఏవండీ, ఆ వేలు నోట్లో పెట్టుకున్నారు కదా. ఆ కాగితం ఇప్పుడతను పట్టుకుంటాడు. అదే చేత్తో మా ఇళ్లన్నిటికీ పాలు పోస్తాడు. అతనికేం జబ్బుందో అని మీరు చూస్తున్నారు, మీ సంగతెవరు చూస్తారండీ?"

యాదగిరికి రోషం వచ్చింది. "ఏందమ్మా, మాకే సుద్దులు చెప్తున్నవా? మీ కోసమే గదా గీ ఎండల నిలబడ్డం."

"అందుకేనండీ చెబుతున్నాను. మీరు మంచాన పడితే మాకెవరున్నారు?" అందావిడ. గొంతులో వెటకారం లేదు.

ఆవిడ పేరు రాజ్యలక్ష్మి. కాకినాడ వైపు ఆస్పత్రుల్లో నర్సుగా చేసి రిటైరై, భర్తతో ఇక్కడ ఉంటోంది. నేను స్టేషన్‌కి వచ్చి మా ఇన్‌స్పెక్టర్ విజయ్‌కుమార్ సారుకి జరిగింది చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, "ఆమెనే పిలువు ఎస్తేరమ్మా. మనోళ్లకు జర సమజ్ చేయమను" అన్నాడు.

రాజ్యలక్ష్మిగారు వచ్చింది. పాఠమేమీ చెప్పలేదు. స్టేషన్ ముందు రేకుల షెడ్డు కింద మమ్మల్ని దూరదూరంగా నిలబెట్టి, యాదగిరి అరచేతుల్లో కుంకుమ పోసి రుద్దుకోమంది. "ఇప్పుడు రోజూ చేసే పని చేసుకోండి" అంది. యాదగిరి నవ్వుతూ, మా మధ్య తిరుగుతూ సెట్ తీశాడు, మాట్లాడాడు, బల్ల మీద పెట్టాడు, పెన్ను తీసుకున్నాడు, మీసం దువ్వుకున్నాడు. ఇంతలో ఎవరో చాయ్ ఇస్తే తాగి, గ్లాసు పక్కవాడికి ఇచ్చాడు. కాసేపటికి ఆవిడ చేయి చూపిస్తూ ఉంటే మేం చూశాం. కుంకుమ సెట్ మీద ఉంది, కుర్చీ మీద ఉంది, ఆయన మీసాల మీద ఉంది, గ్లాసు అందుకున్నవాడి పెదవి మీద ఉంది. ఎప్పుడు తట్టాడో, నా భుజం మీద కూడా ఉంది.

ఎవరూ నవ్వలేదు.

సారు మార్చినవి

మర్నాటి నుంచి విజయ్‌కుమార్ సారు స్టేషన్‌ని రెండు జట్లుగా విడదీశాడు. ఒక జట్టు ఇంకో జట్టు ముఖం చూడకూడదు. ఒకరికి జబ్బు వస్తే ఆ జట్టు మొత్తం పక్కకి పోతుంది, రెండోది స్టేషన్ నడుపుతుంది. రోల్‌కాల్ ఆరుబయట. ఎవరి పెన్ను వాళ్లది, ఎవరి గ్లాసు వాళ్లది. బండి కాగితాలు మేం ముట్టుకునేది లేదు. డ్రైవర్ అద్దానికి ఆనించి పట్టుకుంటే బయటి నుంచే చదవాలి. తాగి నడిపేవాళ్ల చేత ఊదించే బ్రీత్ అనలైజర్ బీరువాలో పెట్టి తాళం వేశారు. ఫిర్యాదుకి వచ్చినవాళ్లు వరండాలో కట్టిన తాడు అవతల నిలబడి చెబితే, ఇవతల కూర్చుని రాసుకునేవాళ్లం. చెక్‌పోస్టులో డ్రమ్ము నిండా సబ్బునీళ్లు. ఇంటికి పోయే ముందు యూనిఫాం అక్కడే విప్పి, వేడి సబ్బునీళ్లలో నానేసి, వేరే బట్టలతో పోవాలి.

నేను ఇంటికి పోయినా ఇంట్లోకి పోయేదాన్ని కాదు. మా అత్తమ్మకి ఆయాసం. మేడ మీద గదిలో పడుకునేదాన్ని. నా భర్త మెట్ల మీద అన్నం పెట్టి కిందికి దిగిపోయేవాడు. మా చర్చి మూసేశారు కాబట్టి ఆదివారం అత్తమ్మ కింద వాకిట్లో కూర్చుని పాట పాడేది, నేను పైనుంచి అందుకునేదాన్ని.

షుగరు ఉన్నవాళ్లు లోపలి పనే చేయాలన్నాడు సారు. యాదగిరికి షుగరుంది. "నన్ను మూలకు కూసోబెట్టకుండ్రి సారు, పిచ్చి లేస్తది" అని బతిమాలాడు. చివరికి అన్నం పంచే డ్యూటీ ఇచ్చారు. ఆ డ్యూటీ ఆయన కోసమే పుట్టినట్టుండేది.

ఫంక్షన్ హాల్లో మనుషులు

హైవే మీద మనుషులు నడిచిపోతుండేవారు. నెత్తిన మూటలు, చంకన పిల్లలు. గండిమైసమ్మ దగ్గర అపార్ట్‌మెంట్లు కట్టే కూలీలు, ఇటుక బట్టీలవాళ్లు. ఛత్తీస్‌గఢ్, ఒడిశా నడిచి పోతామనేవారు. సారు ఒక ఫంక్షన్ హాలు యజమానితో మాట్లాడి, కొందరిని అక్కడ ఆపాడు. మా స్టేషన్ నుంచి కనపడేంత దూరమే. వాళ్లలో ఫూల్‌మతి అనే ఆమె నిండు గర్భిణి.

నేను రోజూ యాదగిరితో అన్నం జీపులో వెళ్లి, గేటు దగ్గర నిలబడి నాకొచ్చిన హిందీలో ఆమెని పలకరించేదాన్ని. యాదగిరి అన్నం గిన్నెలు వాకిట్లో బల్ల మీద పెట్టి, వెనక్కి జరిగి, "ఆవో ఆవో, పేట్ భర్ ఖావో" అని, కడుపు నిండా తినమని కేకేసేవాడు. వాళ్లు వచ్చి తీసుకున్నాక గానీ ఆయన కదిలేవాడు కాదు.

యాదగిరి గేటు దాటలేదు

ఒక ఉదయం డ్యూటీకి వస్తే యాదగిరి స్టేషన్ గేటు బయట, పట్టుబడిన బండ్లు పెట్టే చోట నిలబడి ఉన్నాడు. నేను దగ్గరికి పోతుంటే చేయి అడ్డం పెట్టాడు.

"దగ్గరకు రాకు అక్కా. సారును పిలువు."

సారు బయటికి వచ్చాడు. మా జట్టంతా వరండాలో నిలబడి చూస్తోంది. యాదగిరి తలవంచుకుని చెప్పాడు.

"సారు, పొద్దుగాల సబ్బుతోని మొఖం కడుక్కుంటే వాసన రాలే. ఇంట్ల పోపు వెట్టిన్రు, గది గూడ తెల్వలే. ఒళ్లంత గుంజుతాంది. గా రోగమే అనిపిస్తాంది."

ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో మాకు తెలుసు. ఆ రోజుల్లో ఫలానావాడికి కరోనా అంటే వాడి వీధిలో నీళ్లు పట్టుకోనిచ్చేవాళ్లు కాదు. వాడి పిల్లల్ని చూసి తలుపులు వేసుకునేవారు. ఒక మాత్ర వేసుకుని లోపలికి వచ్చి కూర్చుంటే ఎవరికీ తెలిసేది కాదు.

"హాల్లకు పోయినవా నిన్న?" సారు అడిగాడు.

"వాకిట్లనే ఉన్న సారు. బల్ల దాటలే. మాస్కు తియ్యలే."

"జీపుల నీతోని ఎవరున్నరు?"

"ఎస్తేరక్క."

అందరూ నన్ను చూశారు. సారు నన్ను కూడా దూరంగా జరగమని సైగ చేశాడు. తర్వాత వరండాలో ఉన్న మా అందరికీ వినపడేలా గట్టిగా అన్నాడు. "యాదగిరీ, లోపటికి రాకుండ ఆగి చెప్పినవ్. మా అందరి పానాలు గట్టెక్కించినవ్. నీ ఇంటి సంగతి నేను సూస్కుంట. ఎవ్వడన్న నీ ఇంటోళ్లను ఒక్క మాట అంటే నాకు ఫోన్ కొట్టు."

యాదగిరి పెద్ద మనిషి, పెద్ద మీసాలాయన. ఏడ్చేశాడు.

తర్వాతి నెలల్లో మా స్టేషన్లో ఎవరికి ఏ కాస్త నలతగా ఉన్నా గేటు దగ్గరే ఆగి చెప్పారు. ఆ ఉదయం సారు చిరాకు పడి ఉంటే ఒక్కరూ చెప్పేవారు కాదు. అధికారులు కాబోయేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. శానిటైజర్ డబ్బాలు ఎన్ని తెప్పించారన్నది కాదు, జ్వరం వచ్చినవాడు మీ ముందు నిలబడి నిజం చెప్పగలడా అన్నది చూసుకోండి.

గోడ అవతల

మా జట్టంతా పక్కకి తప్పుకుంది. రెండో జట్టుకి కబురు పోయింది. మమ్మల్ని పరీక్షకి తీసుకుపోయే వ్యాను కోసం ఎదురుచూస్తూ దూరదూరంగా నిలబడ్డాం. అప్పుడే ఫంక్షన్ హాలు వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "మేడం, ఆమెకు నొప్పులొస్తున్నయ్. జల్దీ రాండ్రి."

అంబులెన్సుకి చెబితే, ఉన్న బండి ఇంకో రోగితో నగరంలో ఉంది, రావడానికి సమయం పడుతుందన్నారు. రెండో జట్టు ఇంకా దారిలో ఉంది. అందులో ఆడవాళ్లు లేరు. నేను పరుగున హాలు గేటు దాకా పోయాను. లోపలి నుంచి ఆడవాళ్లు "దీదీ, ఆవో" అని పిలుస్తున్నారు. ఫూల్‌మతి అరుపు వినిపిస్తోంది.

గొళ్లెం మీద చేయి వేయబోయి ఆగిపోయాను.

ఈ ఉద్యోగంలో నేను మంటల్లోకి పోయాను, కత్తి పట్టుకున్నవాడి ముందు నిలబడ్డాను. అవేవీ ఆ గేటు బయట నిలబడటమంత కష్టంగా లేవు. ఆడమనిషి నొప్పులు పడుతూ పిలుస్తుంటే ఇంకో ఆడమనిషి బయట నిలబడటమేమిటి? కానీ నాలో ఏముందో నాకు తెలియదు. లోపల ముసలివాళ్లున్నారు, పసిపిల్లలున్నారు, పుట్టబోయే బిడ్డ ఉంది. దేవుడా, ఏం చేయమంటావని నిలబడి, రాజ్యలక్ష్మిగారికి ఫోన్ చేశాను.

"వస్తున్నానమ్మా. నీళ్లు మరగబెట్టమను. శుభ్రమైన గుడ్డలు తీయమను" అంది. ఇంకేమీ అడగలేదు.

భర్త స్కూటర్ మీద వచ్చింది. మాస్కు, గ్లవ్స్, ముఖానికి అడ్డంగా ప్లాస్టిక్ ఫైలు అట్టతో చేసుకున్న తొడుగు. గేటు దగ్గర నన్ను చూసి, "నువ్వు రావా?" అంది.

"రాకూడదండి. జబ్బు చేసినాయనతో జీపులో తిరిగాను."

ఒక్క క్షణం నా కళ్లలోకి చూసింది. "మంచి పని చేశావు. అక్కడే ఉండు. కానీ నాకు హిందీ రాదమ్మా. గొంతు నువ్వివ్వాలి."

ఆమెని హాల్లోని పెళ్లికూతురి గదిలోకి మార్చారు. ఆ గది కిటికీ ప్రహరీ వైపు ఉంది. నేను గోడ బయట, కిటికీకి ఎదురుగా నిలబడ్డాను. హైవే మీద లారీల మోతలో మాట అందడం లేదు. చెక్‌పోస్టులో నేను వాడే హ్యాండ్ మైకు తెచ్చుకున్నాను. లోపలి నుంచి రాజ్యలక్ష్మిగారు, "ఇప్పుడు ముక్కొద్దని చెప్పు, ఊపిరి వదలమను" అని అరిచేది. నేను మైకులో హిందీలో చెప్పేదాన్ని. "ఇప్పుడు, ఇప్పుడు గట్టిగా!" అంటే, "జోర్ లగావో బేటీ, జోర్ లగావో!" అని నేను అరిచేదాన్ని. రోడ్డు మీద పోయే లారీవాళ్లు బండ్లు ఆపి చూశారు. ఫూల్‌మతి భర్త హాలు వాకిట్లో చేతులు జోడించి కూర్చున్నాడు.

నా గొంతు బొంగురుపోయింది. ఏం చెప్పానో కూడా తెలియడం లేదు. కాసేపటికి లోపల అంతా నిశ్శబ్దమైపోయింది. మైకు దించి గోడకి చెవి ఆనించాను. తర్వాత సన్నగా ఒక ఏడుపు.

"ఆడపిల్ల! చెప్పు, ఆడపిల్లని చెప్పు!" అంది రాజ్యలక్ష్మిగారు.

"లక్ష్మీ ఆయీ హై" అని మైకులో చెప్పాను. క్రైస్తవురాలిని, ఆ మాట నా నోట ఎలా వచ్చిందో తెలియదు. అంబులెన్సు వచ్చి తల్లినీ బిడ్డనీ తీసుకుపోయేదాకా ఆ గోడ దగ్గరే ఉన్నాను. ఆ తర్వాత మా వ్యాను వచ్చింది.

ఫలితం

యాదగిరికి పాజిటివ్ వచ్చింది. నాకూ వచ్చింది. దగ్గు లేదు, జ్వరం లేదు, ఒంట్లో ఏ తేడా లేదు. అయినా ఉంది. డాక్టరు చెప్పగానే నేను నా గురించి ఆలోచించలేదు, ఆ గేటు గొళ్లెం గుర్తొచ్చింది. ఆస్పత్రి మంచం మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. అది భయం కాదు.

జట్టులో మిగతావాళ్లకి లేదు. హాల్లో ఎవరికీ లేదు. మా అత్తమ్మకి లేదు. రెండో జట్టు స్టేషన్‌ని ఒక్క పూట కూడా మూయకుండా నడిపింది.

యాదగిరికి ఆక్సిజన్ పెట్టారు. ఇంకో అంతస్తులో ఉండేవాడు. మాట్లాడగలిగిన రోజు ఫోన్ చేసి, ముందు అడిగింది ఇది: "అక్కా, హాల్ల పోరగాండ్లకు గిట్ట అంటలే గదా?"

"ఎవ్వరికీ అంటలేదన్నా."

"మరి నువ్వు?"

"నేను మంచిగున్న. తిని పంటున్న."

"సాలు అక్కా. గంతే సాలు" అన్నాడు. తర్వాత దగ్గు వచ్చి ఫోన్ పెట్టేశాడు. నెలలు పట్టింది గానీ ఆయన తిరిగి డ్యూటీకి వచ్చాడు. సగం అయ్యాడు, మీసాలు మాత్రం అలాగే ఉన్నాయి. అందరూ అంత అదృష్టవంతులు కాలేదు. మా డిపార్ట్‌మెంట్లో, నాకు తెలిసినవాళ్లలో, తిరిగి రానివాళ్లున్నారు. వాళ్ల పేర్లు ఇప్పటికీ మా ప్రార్థనలో ఉంటాయి.

నేను నెగెటివ్ వచ్చి డ్యూటీలో చేరిన కొద్ది రోజులకి కూలీలని ఊళ్లకి తీసుకుపోయే రైలు పెట్టారు. హాలు ముందు బస్సు ఆగింది. అన్నం పొట్లాలు, నీళ్ల సీసాలు బల్ల మీద పెట్టాం. వాళ్లు ఒక్కొక్కరే తీసుకుని ఎక్కుతున్నారు. ఫూల్‌మతి కిటికీ పక్కన కూర్చుంది. ఒడిలో బిడ్డ, రాజ్యలక్ష్మిగారి పాత నూలు చీరలో చుట్టి ఉంది. ఆమె నన్నే చూస్తోంది. నేను దూరం నుంచే చేయి ఊపాను.

"దీదీ, దీవార్ కే పీఛే ఆప్ థీ నా?" అని అడిగింది. గోడ వెనక ఉన్నది నువ్వే కదా అని.

అవునన్నాను. లోపలికి రానందుకు ఏమనుకుందోనని నాకు లోపల గుచ్చుతూనే ఉంది. క్షమించమని చెప్పబోయాను. ఆమె వినలేదు. ఆ గదిలో తనకి ఎవరి ముఖమూ కనపడలేదట, కళ్లు మూసుకునే ఉందట, నా గొంతు పట్టుకునే బయటపడిందట. గొంతు తెలుసు గానీ నా ముఖం ఒక్కసారి కూడా చూడలేదంది. రోజూ వచ్చినా కళ్లే కనపడేవి. ఒకసారి చూపించమంది, బిడ్డకి పెద్దయ్యాక చెప్పాలట.

బస్సు ఇంజన్ ఆన్ చేశారు. నేను రోడ్డు అవతలి అంచు దాకా, ఎవరూ లేనంత దూరం వెనక్కి జరిగి, మాస్కు కిందికి దించాను. ఆమె బిడ్డ తలని అరచేత్తో పట్టుకుని నా వైపు తిప్పింది.